14 ఏళ్ల పిల్లి: బరువు తగ్గుతోంది, నీళ్లు ఎక్కువ తాగుతోంది, రిపోర్టులో క్రియాటినిన్ మాత్రం "నార్మల్"

నీలికళ్లు:

అందరికీ నమస్కారం. వివరాలన్నీ ఒకేచోట పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

ఆడ పిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, 14 ఏళ్లు నిండాయి. ఇల్లు దాటి బయటికి వెళ్లదు. నాలుగు నెలల కిందట 4.6 కిలోలు ఉండేది, ఈ వారం తూస్తే 4.1. తిండి తగ్గలేదు సరికదా, గిన్నె ఖాళీ చేసి ఇంకా కావాలని వెంటపడుతోంది. నాకు అర్థం కానిది ఇదే.

నీళ్లు ఐదు రోజులు కొలిచాను. పొద్దున 500 మి.లీ. పోయడం, మర్నాడు అదే వేళకి మిగిలింది కొలవడం. అదే సైజు గిన్నె ఇంకొకటి పిల్లికి అందకుండా పెట్టి, అందులో ఎంత ఆవిరైతే అంత తీసేశాను. రోజుకి 310 నుంచి 340 మి.లీ. తేలింది. పొడి తిండి మాత్రమే తింటుంది. మలమూత్రాలకి పెట్టిన ఇసుక ట్రేలో మూత్రంతో కట్టే ముద్దలు ఇదివరకు రోజుకి మూడుండేవి, ఇప్పుడు ఐదారు, ఒక్కొక్కటి పెద్దది కూడా.

ఇంకో రెండు విషయాలు. అర్ధరాత్రి దాటాక హాల్లో నిలబడి గట్టిగా, సాగదీసి అరుస్తోంది. మంచం మీదికి ఒక్క గెంతులో ఎక్కేది, ఇప్పుడు ముందు కాళ్లు అంచు మీద వేసి పైకి లాక్కుంటోంది.

రక్తపరీక్ష: క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) 1.7 (ల్యాబ్ పరిధి 0.8–2.4), ఎస్‌డీఎంఏ 21 (కిడ్నీ వడపోత చెప్పే ఇంకో అంకె, 14 వరకు మామూలే), ఫాస్ఫరస్ 4.4, పొటాషియం 3.7, గ్లూకోజ్ 168, ఏఎల్‌టీ 146 (కాలేయపు ఎంజైమ్, కొంచెం ఎక్కువ), టీ4 (థైరాయిడ్ హార్మోన్) 3.6 (0.8–4.7). మూత్రం, బీపీ చూడలేదు. "వయసుకి తగ్గట్టే ఉంది, ఆరు నెలల తర్వాత చూద్దాం" అన్నారు. ఆరు నెలలు ఆగొచ్చా? ఈ లోపు కిడ్నీ తిండి మొదలుపెట్టనా?

మీసాలు:

ఆగొద్దండి. మీరు ఇంత ఓపిగ్గా కొలిచారు కాబట్టే ఆ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

ముందు బరువు. 4.6 కిలోల్లో 500 గ్రాములంటే దాదాపు 11 శాతం. 60 కిలోల మనిషి ఆరున్నర కిలోలు తగ్గినట్టు. పిల్లిలో 5 శాతం తగ్గితేనే కారణం వెతకాలి, 10 దాటితే వాయిదా మాటే ఉండకూడదు. పైగా మీ పిల్లి తింటూ చిక్కిపోతోంది. కిడ్నీ జబ్బు ఒక్కటే ఉంటే సాధారణంగా ఆకలి మందగిస్తుంది. బాగా తింటూ తగ్గే ముసలి పిల్లిలో మొదట థైరాయిడ్ ఎక్కువవడం, తర్వాత షుగర్, ఆ తర్వాత పేగుల జబ్బు చూస్తారు. 168 గ్లూకోజ్ ఆస్పత్రి భయానికే రావచ్చు. షుగర్ వల్లే ఇన్ని నీళ్లు తాగుతుంటే అది 250 పైన ఉండి, మూత్రంలోకి కూడా దిగుతుంది. మూత్రపరీక్షలో గ్లూకోజ్ లేకపోతే ఆ అనుమానం తీరిపోతుంది. అనుమానం మిగిలితే ఫ్రక్టోసమైన్ చేయించండి, అది గత రెండు వారాల షుగర్ సగటు చెబుతుంది కాబట్టి ఆ రోజు భయం దాన్ని మార్చలేదు.

ఇప్పుడు క్రియాటినిన్. ఇది కండరం నుంచి వచ్చే పదార్థం. కండ కరిగిన పిల్లిలో తయారయ్యేదే తక్కువ, అందుకే కిడ్నీ పాడైనా అంకె పెద్దగా పెరగదు. మీ పిల్లి వెన్ను మీద వేళ్లు ఆనించి మెడ నుంచి తోక దాకా నిమరండి. పూసలు ఒక్కొక్కటిగా, వాటి పక్కన గాడి పడినట్టు తగిలితే పోయింది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. భుజం ఎముకల మీద, తల పైన, తుంటి దగ్గర కూడా చూడండి. పొట్ట కింద సంచిలా వేలాడుతున్నా వెన్ను దగ్గర కండ లేకపోవచ్చు, చాలామంది పొట్ట చూసి బాగానే ఉందనుకుంటారు.

ల్యాబ్ వాళ్లు వేసే 2.4 అనే హద్దుకీ, కిడ్నీ నిపుణుల సంఘం ఐరిస్ పెట్టుకున్న హద్దులకీ తేడా ఉంది. ఐరిస్ లెక్కలో పిల్లికి క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 వరకు రెండో దశ, 2.9 నుంచి 5.0 మూడో దశ, ఆపైన నాలుగో దశ. ఎస్‌డీఎంఏ 18–25 కూడా రెండో దశే. ఇది కండరం మీద ఆధారపడదు, అందుకే మీ రిపోర్టులో నేను ముందు నమ్మేది 21నే. అలాగని ఇప్పుడే "రెండో దశ" అని రాసేసుకోకండి. ఒంట్లో నీళ్లు సరిగ్గా ఉన్నప్పుడు, కొన్ని వారాల తేడాతో రెండుసార్లు అలాగే వస్తేనే దశ చెబుతారు.

అసలు మెలిక ఇక్కడుంది. థైరాయిడ్ ఎక్కువైతే గుండె వేగంగా కొట్టుకుంటుంది, కిడ్నీలోకి రక్తం ఎక్కువ వెళ్తుంది, వడపోత పెరుగుతుంది, క్రియాటినిన్ తగ్గి కనిపిస్తుంది. అంటే ఒక జబ్బు ఇంకో జబ్బుని కప్పేస్తుంది. ఇది ఉల్టాగా కూడా జరుగుతుంది: కిడ్నీ జబ్బో ఇంకేదో ఒంట్లో ఉంటే టీ4 దిగి, నార్మల్ పరిధిలోకి జారిపోతుంది. అందుకే 14 ఏళ్ల పిల్లి, తింటూ చిక్కిపోతూ, టీ4 పరిధిలో పైసగంలో ఉంటే దాన్ని నార్మల్ అనుకోవద్దు. ఏఎల్‌టీ కొంచెం పెరగడం కూడా థైరాయిడ్ వైపే చూపిస్తోంది. రెండు నుంచి నాలుగు వారాల్లో టీ4 మళ్లీ చేయించండి, అప్పటికీ తేలకపోతే ఫ్రీ టీ4 (రక్తంలో ప్రొటీన్లకి అంటుకోకుండా విడిగా ఉండే టీ4) కూడా కలిపి చూస్తారు. మళ్లీ వెళ్లినప్పుడు గొంతు తడిమి గడ్డ ఉందేమో చూడమని అడగండి.

తెల్లపంజా:

పైన చెప్పినదంతా సరే. కానీ నేనైతే ఈ వారంలోనే రెండు పనులు చేయిస్తాను: బీపీ, మూత్రం. టీ4 రెండు వారాలు ఆగగలదు, బీపీ ఆగలేదు. కిడ్నీ గానీ థైరాయిడ్ గానీ ఉన్న పిల్లికి బీపీ పెరిగి, కంటి వెనక పొర ఊడి, ఒక్క రాత్రిలో చూపు పోవచ్చు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి అరుపులకి కూడా బీపీ ఒక కారణం.

బీపీ సరిగ్గా కొలవకపోతే కొలవనట్టే. ఇవి చూసుకోండి:

గదిలో కుక్క లేకుండా, పిల్లి ఐదు నుంచి పది నిమిషాలు బుట్టలోనే లేదా మీ ఒళ్లో కుదుటపడ్డాక మొదలుపెట్టాలి. రక్తం తీయడానికి ముందే బీపీ చూడాలి, తర్వాత కాదు. పట్టీ వెడల్పు కాలి లేదా తోక చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. సన్నటి పట్టీ వేస్తే అంకె ఎక్కువ వస్తుంది, వెడల్పుది వేస్తే తక్కువ వస్తుంది. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. మొదటి కొలత వదిలేసి, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు కొలతల సగటు రాయాలి. ఏ కాలికి, ఏ సైజు పట్టీతో కొలిచారో కూడా కాగితం మీద ఉండాలి, లేకపోతే వచ్చేసారి పోల్చలేరు. 140 లోపు మంచిది, 160 నుంచి 179 ఎక్కువ, 180 దాటితే కంటికీ మెదడుకీ ప్రమాదం. కంట్లో రక్తస్రావం లాంటి నష్టం కనిపించకపోతే మందు మొదలుపెట్టే ముందు ఇంకో రోజు మళ్లీ కొలిచి రూఢి చేసుకుంటారు.

మూత్రం ఇంట్లోనే పట్టొచ్చు. ట్రే సబ్బుతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా నీళ్లతో తొలిచి, ఆరబెట్టండి. అందులో మామూలు లిట్టర్ (ట్రేలో పోసే ఇసుక) బదులు నీరు పీల్చని ప్లాస్టిక్ పూసలు వేయండి. పశువుల డాక్టరు దగ్గర దొరుకుతాయి. పిల్లి పోయగానే ట్రే ఓ మూలకి వంచి, సూది లేని సిరంజితో 5 మి.లీ. లాగి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. అదే రోజు, వీలైతే నాలుగు గంటల్లోపు ఇచ్చేయాలి. ఆలస్యమైతే స్ఫటికాలు ఏర్పడి లేని రాళ్ల అనుమానం తెస్తాయి. ఇన్‌ఫెక్షన్ కోసం కల్చర్ (సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్ష) చేయాలంటే మాత్రం ట్రేలోది పనికిరాదు, పొట్ట మీదుగా సన్నటి సూదితో మూత్రాశయం నుంచి నేరుగా తీస్తారు. పిల్లికి ఇది వినడానికి ఉన్నంత బాధగా ఉండదు.

మూత్రం చిక్కదనం చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీని రిఫ్రాక్టోమీటర్‌తోనే చూడమనండి. మూత్రంలో ముంచే స్ట్రిప్ మీద ఆ గడి పిల్లి మూత్రానికి నమ్మదగింది కాదు. 1.035 పైన ఉంటే కిడ్నీ మూత్రాన్ని చిక్కగా చేయగలుగుతోందన్నమాట. నీళ్ల లెక్క చూస్తే, కిలోకి 50 మి.లీ. దాకా మామూలే, 100 దాటితే తప్పకుండా జబ్బు. మీది కిలోకి 80 దగ్గర ఉంది. అందుకని 1.035 రాదనే నా అనుమానం. మాంసకృత్తులు ఎంత పోతున్నాయో చెప్పే ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి కూడా ఆ శాంపిల్‌తోనే చేయించండి. 0.2 లోపు మంచిది, 0.4 దాటితే మందు అవసరం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మూత్రం ఎక్కువ పోస్తోందనో, ట్రే తడుస్తోందనో రాత్రిపూట నీళ్ల గిన్నె తీయకండి. అది తాగుతున్నందుకు పోయడం లేదు, పోతున్నందుకు తాగుతోంది. గిన్నె తీసిన ఒక్క రాత్రికే ఒంట్లో నీరు ఇంకిపోయి కిడ్నీ దెబ్బతినొచ్చు.

వెన్నెలగది:

ఎస్‌డీఎంఏ 21 ఉన్నప్పుడు కిడ్నీ తిండి వెంటనే మొదలుపెట్టడమే మంచిది కదా? రెండో దశ నుంచే ఇవ్వమని ఐరిస్ కూడా చెబుతుంది. ఫాస్ఫరస్ తగ్గిస్తేనే కిడ్నీ ఎక్కువ కాలం ఆగుతుంది. టీ4 తేలేదాకా ఎందుకు ఆగాలి?

మీసాలు:

వెన్నెలగది గారూ, దశ ఖాయమైన పిల్లికి మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడ నేను రెండు కారణాలతో ఆగమంటున్నాను.

ఒకటి, కిడ్నీ తిండిలో ప్రొటీన్ తగ్గించి ఉంటారు. థైరాయిడ్ ఎక్కువైన ఒళ్లు కండని కరిగించి వాడుకుంటూ ఉంటుంది. అప్పుడే ప్రొటీన్ తగ్గిస్తే ఉన్న కండ ఇంకా పోతుంది. కండ పోతే క్రియాటినిన్ ఇంకా తగ్గి, "తిండి పనిచేసింది" అనే భ్రమ కూడా పుడుతుంది. రెండు, రెండో దశలో ఫాస్ఫరస్ 2.7 నుంచి 4.6 మధ్య ఉంచాలన్నది లక్ష్యం. ఈ పిల్లికి 4.4, అంటే ఇప్పటికే లోపల ఉంది. మూడు వారాలు ఆగితే పోయేదేమీ లేదు, తొందరపడితే పోయేది ఉంది.

మార్చే రోజు వచ్చాక కూడా మెల్లగా మార్చాలి. ప్యాకెట్ మీద ఏడు రోజులని ఉంటుంది, ముసలి పిల్లికి మూడు నాలుగు వారాలు తీసుకోండి. మొదటి నాలుగైదు రోజులు కొత్తది వేరే గిన్నెలో పాతదాని పక్కన పెట్టి వాసన అలవాటు చేయండి, తర్వాత పదోవంతు కలపండి, రెండు మూడు రోజులకోసారి ఇంకో పదోవంతు. వికారంగా ఉన్న రోజుల్లో, ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మందు మార్చిన వారంలో కొత్త తిండి అసలు పెట్టొద్దు. పిల్లి ఆ వికారాన్ని ఆ తిండికే ముడిపెట్టుకుని జన్మలో ముట్టదు. తినని కిడ్నీ తిండి కన్నా తినే మామూలు తిండే మేలు.

ఈ లోపు చేయదగింది ఒకటుంది: పొడి తిండి నుంచి తడి తిండికి మళ్లించడం. పొడి దాంట్లో నీరు 10 శాతం లోపే, తడి దాంట్లో 75 నుంచి 80. 85 గ్రాముల పొట్లంలో 65 మి.లీ. నీళ్లు అలా లోపలికి వెళ్లిపోతాయి. దానికి ఓ చెంచా గోరువెచ్చటి నీళ్లు కలిపితే వాసన కూడా లేస్తుంది. ముసలి పిల్లికి ముక్కు మందగిస్తుంది కాబట్టి ఆ వాసనే దాన్ని గిన్నె దగ్గరికి తెస్తుంది. నీళ్ల గిన్నెలు వెడల్పుగా, మీసాలు అంచుకి తగలకుండా ఉండాలి. తిండికీ ట్రేకీ దూరంగా రెండు మూడు చోట్ల పెట్టండి.

నీలికళ్లు:

చెప్పినవన్నీ చేయించాను. ఫలితాలు:

బీపీ మొదటి రోజు సగటు 174, ఎనిమిది రోజుల తర్వాత 171. కంటి లోపల చూశారు, పొర బాగానే ఉంది. మూత్రం 1.017, గ్లూకోజ్ లేదు, ప్రొటీన్ నిష్పత్తి 0.31, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. టీ4 ఈసారి 5.2. గొంతులో ఎడమవైపు చిన్న గడ్డ తగిలిందన్నారు. గుండె నిమిషానికి 224. థైరాయిడ్ తగ్గించడానికి మెథిమజోల్ 1.25 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, బీపీకి అమ్లోడిపిన్ 0.625 మి.గ్రా. రోజుకి ఒకసారి రాశారు.

మాత్ర ఇవ్వడం రాదు. తిండిలో కలిపితే ఆ గిన్నెనే వదిలేసింది. ఇంకోటి, చర్మం కింద సెలైన్ ఇవ్వమని కొందరు అంటున్నారు, అవసరమా?

తెల్లపంజా:

సెలైన్ ఇప్పుడు వద్దు. నీళ్లు తానే తాగుతోంది, తింటోంది, బీపీ ఎక్కువగా ఉంది, గుండె 224 కొట్టుకుంటోంది. ఈ స్థితిలో అదనంగా ఎక్కిస్తే గుండె మీద బరువు పడి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరవచ్చు, పైగా సెలైన్‌లో ఉప్పుంటుంది. అది ముదిరిన దశలో, తాగినా సరిపోక ఒళ్లు ఎండిపోతున్న పిల్లికి పనికొచ్చేది.

మాత్రని గిన్నెడు తిండిలో ఎప్పుడూ కలపకండి. ఇక నేరుగా ఇవ్వడం ఇలా. మందపాటి తువ్వాలు పరిచి దాని మీద పిల్లిని మీకు వీపు పెట్టి కూర్చోబెట్టండి, వెనక్కి జరగాలన్నా మీ పొట్ట అడ్డం ఉంటుంది. ఎడమచెయ్యి తల మీదుగా వేసి, బొటనవేలు ఒక చెంప ఎముక మీద, మధ్యవేలు రెండో దాని మీద ఆనించి ముక్కు పైకప్పు వైపు చూసేలా ఎత్తండి. మెడ అలా వంగగానే కింది దవడ దానంతట అదే వదులవుతుంది. కుడిచేతి బొటనవేలు చూపుడువేళ్ల మధ్య మాత్ర పట్టుకుని, అదే చేతి మధ్యవేలితో కింది ముందుపళ్లని కిందికి నొక్కండి. నాలుక వెనక్కి వెళ్లేకొద్దీ ఉబ్బెత్తుగా ఉంటుంది, మాత్ర ఆ ఉబ్బు దాటి పడాలి. ముందు పడితే బుడగలు కక్కుతూ ఉమ్మేస్తుంది. నోరు మూసి, తల మామూలుగా దించి, గొంతు మీద పై నుంచి కిందికి నిమరండి. నాలుకతో ముక్కు నాకిందంటే మింగినట్టే.

ఆ వెంటనే చెంప పక్క నుంచి సిరంజితో 3 నుంచి 5 మి.లీ. నీళ్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. పొడి మాత్ర పిల్లి అన్నవాహికలో నిమిషాల తరబడి అంటుకునే ఉంటుంది, కొన్ని మందులు అక్కడే పుండు చేస్తాయి. నీళ్లు నాలుక మీద సూటిగా కొట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అమ్లోడిపిన్ 2.5 మి.గ్రా. మాత్రే అడిగి తీసుకోండి, పావు ముక్క చేస్తే సరిగ్గా 0.625. 5 మి.గ్రా. మాత్రని ఎనిమిది చేయబోతే ఒక రోజు రెట్టింపు, ఒక రోజు పొడి. కత్తితో కాకుండా మాత్రలు కోసే డబ్బాతో కోయండి. మెథిమజోల్ మాత్రలకి పైన పూత ఉంటే కోయొద్దు, నూరొద్దు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఇంట్లో గర్భిణులుంటే ఈ మందునీ, ఆ పిల్లి ట్రేనీ వాళ్లు తాకకూడదు.

మాత్ర ఎంతకీ కుదరకపోతే చెవి లోపలి వైపు, వెంట్రుకలు లేని చోట రాసే మెథిమజోల్ లేపనం కూడా తయారు చేయించి ఇస్తారు. గ్లవ్స్ వేసుకుని, పూటకో చెవికి, ముందటి పూట మిగిలిన పొర తడి గుడ్డతో తుడిచి రాయాలి. ఒంటికి పట్టడం మాత్రతో అయినంత కచ్చితంగా ఉండదు, పని మొదలవడానికి కూడా కొన్ని వారాలు పడుతుంది.

మీసాలు:

మందు మొదలయ్యాక ఏం చూడాలో రాస్తున్నాను.

బీపీ 7 నుంచి 10 రోజుల్లో, లక్ష్యం 160 లోపు. రెండు మూడు వారాలకి టీ4, క్రియాటినిన్, రక్తకణాల లెక్క. టీ4 పరిధిలో కింది సగంలో, 1.0 నుంచి 2.5 మధ్య నిలబడితే బాగుంటుంది. థైరాయిడ్ తగ్గగానే కిడ్నీ వడపోత కూడా తగ్గి, క్రియాటినిన్ కొంత పెరుగుతుంది. అది మందు చేసిన చెడుపు కాదు, కప్పి ఉన్నది బయటపడటం. దాన్ని చూసి బెదిరిపోయి మందు ఆపకండి. కానీ టీ4 మరీ పడిపోయి, అంటే 0.8 కన్నా దిగి, క్రియాటినిన్ పెరిగితే మోతాదు ఎక్కువైందన్నమాట. థైరాయిడ్ మరీ తక్కువైనా కిడ్నీకి చేటే, అప్పుడు తగ్గిస్తారు. కిడ్నీ అసలు దశ నిర్ణయించేది టీ4 కుదురుకున్న తర్వాతే. తిండి సంగతి కూడా అప్పుడే తేలుద్దాం. 0.31 అనే ప్రొటీన్ నిష్పత్తి అంచు మీద ఉంది, బీపీ దిగాక రెండు నెలలకి మళ్లీ చూడాలి.

మొదటి నెలలో వాంతులు, ఆకలి తగ్గడం కనిపిస్తే డాక్టరుకి చెప్పండి, చాలాసార్లు మోతాదు సర్దితే చాలు. ముఖం, మెడ రక్తం వచ్చేలా గోక్కుంటుంటే మాత్రం మందు ఆపాల్సిందే, అది ఈ మందుకి ఉన్న ప్రత్యేకమైన చెడు గుణం. చిగుళ్లు పచ్చబడినా, ఒంటి మీద ఎర్ర చుక్కలు కనిపించినా అంతే.

బరువు వారానికోసారి, ఒకే రోజు, తిండికి ముందు తూయండి. మనం ఎత్తుకుని మనుషుల తూకం మీద నిలబడి తీసివేసే లెక్క పనికిరాదు, అందులో 100, 200 గ్రాములు అటూఇటూ పోతాయి. ఈ పిల్లికి 200 గ్రాములంటే 5 శాతం. పసిపిల్లల్ని తూచే మిషన్, 10 గ్రాముల తేడా చూపేది, దాని మీద పిల్లి ఇష్టపడే అట్టపెట్టె పెట్టి సున్నా చేసి అందులో కూర్చోబెట్టండి. టీ4 దిగాక ఆరు వారాల్లోనూ బరువు ఎక్కకపోతే పేగులకి స్కానింగ్ అడగండి.

వెన్నెలగది:

గెంతలేకపోవడం గురించి ఎవరూ రాయలేదు. 12 ఏళ్లు దాటిన పిల్లుల్లో పదింట తొమ్మిదింటికి ఎక్స్‌రేలో కీళ్ల అరుగుదల కనిపిస్తుంది, కుంటేవి చాలా తక్కువ. రెండు వైపులా నొప్పి ఉంటే ఏ కాలి మీదికని కుంటుతుంది? గెంతడం మానేస్తుంది, నడుము దగ్గర నాక్కోవడం మానేస్తుంది, అక్కడ వెంట్రుకలు ఉండకడతాయి. గోళ్లు గీకదు కాబట్టి దళసరిగా పెరిగి, వంపు తిరిగి అరికాలి మెత్తలోకి దిగుతాయి. ఈ రోజే నాలుగు కాళ్ల గోళ్లూ చూడండి, ముందు కాళ్ల పక్కగోరు మరీ ముఖ్యం. రెండు మూడు వారాలకోసారి చివరి రెండు మి.మీ. కత్తిరించండి.

ఆస్పత్రి బల్ల మీద పిల్లి ఇవేవీ చూపించదు. మంచం ఎక్కడం, దిగడం, మెట్లు దిగడం, ట్రేలోకి వెళ్లడం ఒక్కోటి అర నిమిషం వీడియో తీసి తీసుకెళ్లండి. ట్రే అంచు ఒకవైపు మూడు అంగుళాలకి కోసేయండి. మంచం పక్కన సగం ఎత్తులో జారని పీట వేయండి. ట్రే బయట పోస్తే మొండితనం అనుకోకండి, కాలు ఎత్తి లోపల పెట్టడం నొప్పి.

నొప్పి మందు డాక్టరు చేతే. పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి చనిపోవడానికి. దాన్ని విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేని గోధుమరంగుకి మారిపోతుంది, చిగుళ్లు మట్టిరంగు అవుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. పావు ముక్క అయినా వద్దు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ కూడా వద్దు. మెలోక్సికామ్ పిల్లులకి వాడతారు గానీ ఈ పిల్లికి కిడ్నీ సంగతి తేలేదాకా అడగొద్దు. నెలకోసారి చర్మం కింద ఇచ్చే ఫ్రూనెవెట్‌మాబ్ ఇంజెక్షన్ నొప్పి సంకేతాన్నే అడ్డుకుంటుంది. అది మీకు దొరుకుతుందేమో డాక్టరుని అడగండి.

రాత్రి అరుపులకి ఇప్పుడే మందు వెతకకండి. బీపీ, థైరాయిడ్ కుదురుకున్నాక ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి, చాలావరకు తగ్గుతాయి. తగ్గకపోతే చెవుడు, నొప్పి, మతిమరుపు ఒక్కొక్కటిగా చూడాలి. ఈ లోపు హాల్లో చిన్న దీపం, పడుకోబోయే ముందు కొంచెం తిండి.

నీలికళ్లు:

గోళ్లు చూశాను. కుడి ముందుకాలి పక్కగోరు గుండ్రంగా తిరిగి మెత్తకి ఆనుతోంది, ఇంకా దిగలేదు. రేపే తీయిస్తాను. ఆఖరి ప్రశ్న: ఏ లక్షణం కనిపిస్తే పొద్దుటిదాకా ఆగకుండా పరిగెత్తాలి?

తెల్లపంజా:

నోరు తెరిచి ఊపిరి తీయడం. వెనక కాళ్లు ఒక్కసారిగా పడిపోయి, చల్లబడి, గట్టిగా అరవడం: గుండె నుంచి గడ్డ వెళ్లి కాళ్లకి పోయే నాళంలో అడ్డుపడిందన్నమాట, థైరాయిడ్ వల్ల గుండె దెబ్బతిన్న పిల్లుల్లో జరగొచ్చు. కంటిపాపలు రెండూ వెలుతురులో కూడా పెద్దవిగా ఉండి, గోడలకి తగులుకుంటూ నడవడం. ఫిట్స్. మాటిమాటికీ ట్రేలో కూర్చుంటూ చుక్క కూడా రాకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే బయల్దేరాలి.

పూర్తిగా తిండి మానేస్తే 24 గంటల్లో ఫోన్ చేయాలి. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది దెబ్బతింటుంది. రెండు రోజులు దొడ్డికి వెళ్లకపోయినా చెప్పండి, ఎక్కువ మూత్రం పోయే పిల్లికి మలం ఎండి రాయిలా బిగుసుకుంటుంది. తల పైకెత్తలేక మెడ వాలిపోతుంటే పొటాషియం పడిపోయి ఉండొచ్చు, మీ 3.7 కింది హద్దుకి దగ్గర్లోనే ఉంది, ప్రతి రక్తపరీక్షలోనూ అది చూడమనండి.

ఇంట్లో రోజూ చేయదగింది ఊపిరి లెక్క. గాఢంగా నిద్రపోతున్నప్పుడు, ఛాతీ ఒకసారి లేచి పడితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిమిషానికి 30 దాటకూడదు. దాటితే గంట తర్వాత మళ్లీ చూడండి, అప్పుడూ దాటితే డాక్టరుకి ఫోన్. గుర్రుగుర్రుమంటున్నప్పుడు, కలలో మీసాలు కదుపుతున్నప్పుడు లెక్కపెట్టకండి, అంకె ఎక్కువ వస్తుంది. ఇప్పుడు, జబ్బు అదుపులోకి రాకముందే, వరసగా ఐదు రోజులు లెక్కపెట్టి రాసుకోండి. మీ పిల్లి మామూలు అంకె 18 అని తెలిసి ఉంటే, 28 వచ్చిన రోజు మీరే ముందు పట్టుకుంటారు.